సుంకమ్మ చేనులో ఎగిరే పళ్లెం

నువ్వు రాసిన వార్త చదివి జనం ఎవరి చేనులో దిగారో, ఆ చేను తర్వాత ఏమయిందో ఎప్పుడైనా వెళ్లి చూశావా?

నిన్నే అడుగుతున్నాను. మొన్న ఉద్యోగంలో చేరి, ఇవాళ పొద్దున పేపర్లో మొదటిసారి నీ పేరు చూసుకుని, దాన్ని ఫోటో తీసి చుట్టాలందరికీ పంపిన నిన్నే. పంపు, తప్పు లేదు. నేనూ నా మొదటి వార్త మడిచి చొక్కా జేబులో పెట్టుకుని వారం రోజులు తిరిగాను. కానీ ఈ ప్రశ్న నన్ను ముప్పై ఏళ్లపాటు ఎవరూ అడగలేదు. ఆ తర్వాత ఒకరు అడిగారు. అడిగిన మనిషి కౌలుకు మూడెకరాలు వేరుశనగ వేసుకున్న సుంకమ్మ.

అనంతపురంలో ఒక తెలుగు దినపత్రిక జిల్లా ఎడిషన్‌లో ముప్పై రెండేళ్లు పనిచేసి నిరుడు విరమించాను. ముదిగుబ్బలో విలేకరిగా మొదలుపెట్టి, సగానికి పైగా కాలం డెస్కులో గడిపాను. ఏ ఏడు ఏ హోదా వచ్చింది, ఎవరు ఎవరిని దాటుకుని పైకి వెళ్లారు అన్నవి మీకు పనికిరావు. పనికొచ్చేది ఒకటే ఉంది. హేతువాదినని చెప్పుకుని తిరిగిన నేను మా జిల్లాలో గ్రహాంతరవాసులను దించిన కథ. అవును, దించింది నేనే. తల్చుకుంటే ఇప్పటికీ కూర్చున్న చోట కూర్చోలేను.

తోక కోసే పని

విలేకరి పని అంటే మైకు పట్టుకుని పరిగెత్తడం అనుకుంటారు బయటివాళ్లు. పేపరును పేపరుగా చేసేది డెస్కు. మండలాల నుంచి విలేకర్లు పంపే వార్తను మేం కాపీ అంటాం. ప్రకటనలు పోగా మిగిలిన జాగాలో ఆ కాపీలన్నీ సర్దాలి. సాయంత్రం ఆరింటికి ఒక ప్రకటన వచ్చి పడిందంటే, అప్పటిదాకా కాళ్లు చాపుకుని కూర్చున్న నాలుగు వార్తలు ముడుచుకుని కూర్చోవాలి.

నాకు ఈ పని నేర్పిన మొదటి ఇన్‌చార్జిని మేం పెద్దసారు అనేవాళ్లం. గొప్ప పనిమంతుడు. మొదటి రోజు ఒక కాపీ చేతికిచ్చి, "జాగా చాలకపోతే యాడ కోస్తావు?" అన్నాడు. నేను శ్రద్ధగా చదివి ఇక్కడొక మాట, అక్కడొక వాక్యం గీత పెట్టాను. ఆయన కాగితం లాక్కున్నాడు.

"అట్ల గిల్లుకుంటా కూచుంటే పేపరు ఎల్లుండికి వస్తాది. తోక కోయి. ముఖ్యమైందంతా తలకాయలో ఉంటాది. అడుగున ఉండేది ఉన్నా లేకున్నా ఒకటే."

ఈ సూత్రం దేశమంతా డెస్కుల్లో నడుస్తుంది. నేను అందులో ఆరితేరాను. ఎంత జాగా ఉందో చెబితే చాలు, కాపీ చదవకుండానే కింది నుంచి ఎన్ని వరుసలు లేపాలో చెప్పేవాణ్ణి. చదవకుండానే! కుర్రవాళ్లు నోరు తెరుచుకుని చూసేవారు. అది నైపుణ్యమని నేనూ మురిసిపోయాను.

దయ్యం ఖాళీ చేసిన సీటు

కాలేజీ రోజుల నుంచీ నాకు చర్చలంటే పిచ్చి. మా హేతువాద మిత్రబృందం ఆదివారం ఆదివారం ఏదో ఒక ఊరు పోయి, నిప్పుల మీద నడిచి చూపించేది, విబూది పుట్టించి చూపించేది, తర్వాత ఎలా చేశామో విప్పి చెప్పేది. ఎదుటివాడు ఎంత పెద్దమనిషైనా లేచి నిలబడి "నిరూపించండి" అనేవాణ్ణి. ఆ మాట అనడంలో ఉండే ఆనందం నాకు ఏ పండగలోనూ దొరకలేదు.

పత్రికలో చేరాక నా కళ్లముందే వింతలు మారాయి. మొదటి పదేళ్లు వేపచెట్టుకు పాలు, విగ్రహానికి కన్నీళ్లు, చింతతోపులో దయ్యం. మెల్లమెల్లగా దయ్యం దిగిపోయి ఆ సీట్లో గ్రహాంతరవాసి కూర్చున్నాడు. వేషం మారింది, భాష మారింది. పూజారి చెప్పాల్సిన మాటలు ఇప్పుడు సూటు వేసుకున్న యాంకరు చెబుతాడు, వెనక నీలం రంగు గ్రాఫిక్స్ తిరుగుతుంటాయి. తాయెత్తు కట్టుకున్న ముసలమ్మను చూసి నవ్వే ఇంజినీరు కూడా ఎగిరే పళ్లెం అనేసరికి "ఏమో, ఉండొచ్చు, సైన్సు కదా" అంటాడు.

అపార్థం చేసుకోవద్దు. ఈ అనంత విశ్వంలో మరెక్కడా ప్రాణం లేదని నేను అనను. నాకు తెలియదు. వానలు మొహం చాటేసిన మా పీఠభూమి మీద చుక్కలు కనిపించినంత ధారాళంగా ఇంకెక్కడా కనిపించవని నా నమ్మకం. మిద్దె మీద పడుకుని వాటిని చూస్తే ఇప్పటికీ నా గుండె దడదడలాడుతుంది. ఎక్కడో ఒకచోట ఏదో ఒక ప్రాణి ఉందని రేపు ఎవరైనా రుజువు చేస్తే ముందుగా గంతులు వేసేది నేనే. కానీ రుజువు చేయాలి. హెడ్డింగు చివర ప్రశ్నార్థకం తగిలించి చేతులు దులుపుకుంటే కుదరదు. "వచ్చింది వారేనా?" అని పెడతాం. వచ్చారని మేం అనలేదు కదా, అడిగాం అంతే అంటాం. ఆ కొక్కెం వెనక దాక్కున్నంత పిరికితనం మా వృత్తిలో మరొకటి లేదు. ఈ మాట ఇంత కోపంగా ఎందుకంటున్నానో ముందుకు చదివితే తెలుస్తుంది.

మూడు గుండ్రాలు

నేను విరమించడానికి రెండేళ్ల ముందు సంగతి. వానాకాలం. విత్తనం పడ్డాక నెలన్నర దాటింది, మధ్యలో వానల్లేక బెట్ట పట్టింది. ఒక సాయంత్రం చీకటి పడుతుండగా ముదిగుబ్బ వైపు ఊళ్లన్నీ ఆకాశంలో ఒక వింత చూశాయి. దండలో గుచ్చిన పూసల్లా పది, పదిహేను వెలుగులు వరుసగా కదులుతూ పోయాయి. ఈ మధ్య ఉపగ్రహాలను గుంపుగా వదులుతున్నారు. వదిలిన కొత్తలో అవి అలాగే బారుగా కనిపిస్తాయి. అది మాకు తెలుసు, ఆ మాటే రాశాం. అంతవరకు బాగానే ఉంది.

నాలుగు రోజుల తర్వాత ఒక పెళ్లి ఫోటోగ్రాఫరు, కాబోయే జంటను చేల మధ్య నడిపించి పై నుంచి డ్రోనుతో వీడియో తీశాడు. ఆ వీడియోలో జంట వెనక ఒక వేరుశనగ చేను కనిపించింది. వెలవెలబోయిన పైరు మధ్య ముదురాకుపచ్చ గుండ్రాలు మూడు. వరుసగా, సమాన దూరంలో, ఒకే కొలతలో, కంపాసు పెట్టి గీసినట్టు! వధూవరులను ఎవరూ చూడలేదు. మూడు గుండ్రాలను మాత్రం జిల్లా అంతా చూసింది. ఆ బారు వెలుగులు దిగింది ఇక్కడే, మూడు కాళ్ల మీద దిగింది అన్నారు.

మా ముదిగుబ్బ విలేకరి ఓబులేసు పరిగెత్తుకుపోయి కాపీ పంపాడు. మంచి కుర్రాడు, కాళ్లున్న విలేకరి. ఆ సాయంత్రం మొదటి పేజీలో దానికి ఆరంగుళాల జాగా ఉంచాను. చివరి నిమిషంలో ఒక కోచింగ్ సెంటరు ప్రకటన వచ్చింది. నాలుగంగుళాలు మిగిలాయి. తోక కోశాను. హెడ్డింగు నేనే పెట్టాను: "చేనులో వింత వలయాలు.. దిగింది ఎవరు?"

నేను నమ్మి పెట్టానా? లేదు! ప్రశ్నిస్తే జనం ఆలోచిస్తారని పెట్టాను. జనం ఆలోచించలేదు, ఆటో ఎక్కారు.

మర్నాడు మధ్యాహ్నానికి ముదిగుబ్బ నుంచి ఆ ఊరికి షేర్ ఆటోలు కిటకిటలాడాయి. టీవీలు వచ్చాయి. ఆ భూమి పట్టాదారు బుక్కరాయసముద్రంలో కాపురం. మాసిపోని తెల్లచొక్కాలో చేను ముందు నిలబడి, "నేను పుట్టి బుద్ధెరిగిన కాడి నుంచి ఇట్లాంటిది చూడలేదు. ఈ ఏడు నేను ఏ ఎరువూ వేయలేదు" అని ప్రతి కెమెరాకూ చెప్పాడు. అబద్ధం కాదు. భూమి కౌలుకిచ్చాక ఆయన ఆ చేను మొహం చూసింది ఆ రోజే. ఫోన్‌లో సొంత ఛానెల్ నడిపే కళ్యాణదుర్గం చలపతి ఇంకో అడుగు ముందుకేశాడు. గుండ్రాల్లో మట్టి గీకి, నల్లని చిన్న గుండ్లు ఏరి, ప్లాస్టిక్ కవర్లో వేసి, "కాలిపోయిన లోహపు శకలాలు" అని చూపించాడు.

ఊళ్లోవాళ్లకు అసలు సంగతి తెలియదా అని మీరు అడుగుతారు. సగం మందికి తెలుసు. కానీ ఊరి పేరు మొదటిసారి టీవీలో వస్తోంది, టీ బంకు ముందు జాతరంత సందడి. ఎవరు చెడగొట్టుకుంటారు?

నేను గెలిచిన చర్చ

నా రక్తం ఉడికిపోయింది. నా పేపరు మొదలుపెట్టిందని మరిచిపోయి, ఊరంతా మూఢులని తిట్టుకున్నాను. పేజీలో చిన్న ప్రకటన వేయించాను: గురువారం ఉదయం పది గంటలకు, చేను దగ్గరే, బహిరంగ చర్చ. నమ్మేవాళ్లు రండి, నిరూపించండి.

వచ్చారు. ట్రాక్టరు ట్రాలీ మీద నేనూ చలపతీ ఎక్కాం. గట్టు మీద జనం పట్టలేదు. వెనకవాళ్లు తోస్తుంటే ముందువాళ్లు చేనులోకి దిగారు. నేను ట్రాలీ మీద నిలబడి ఆ జనాన్ని చూసి ఉప్పొంగిపోయాను. ఇంతమంది హేతువాదం వినడానికి ఎప్పుడు వచ్చారు నా జన్మలో!

వెలుగుల సంగతి చక్కగా చెప్పాను. ఉపగ్రహాలు ఎలా తిరుగుతాయో చేతులు తిప్పి చూపించాను. చప్పట్లు కొట్టారు. అప్పుడు చలపతి అడిగాడు.

"సరే సారూ. వెలుగులు ఉపగ్రహాలే అనుకుందాం. ఈ గుండ్రాలో?"

నాకు తెలియదు. తెలియదని చెప్పి ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో అయిపోయేది. కానీ ట్రాలీ మీద నిలబడినవాడికి ఆ మాట నోట రాదు. ఎప్పుడో చదివింది ఒకటి గుర్తొచ్చింది.

"శిలీంధ్రం. ఒక రకం బూజు నేలలో గుండ్రంగా పాకుతాది. అది పాకిన చోట పచ్చగా ఉంటాది."

"మూడూ ఒకే కొలతలో పాకినాదా? టేపు పట్టుకోని పాకినాదా సారూ?"

జనం గొల్లుమన్నారు. నాకు చెవులు వేడెక్కాయి. చలపతి ప్లాస్టిక్ కవరు పైకెత్తి ఊపాడు. "మరి ఇవేంటివి? ఇవీ బూజేనా?"

"ప్రయోగశాలకు పంపించల్ల. రుజువు లేకుండా నేను మాట్లాడను" అన్నాను గంభీరంగా. మళ్లీ చప్పట్లు.

నేను ముదిగుబ్బ వాణ్ణి. గొర్రెల మధ్య పెరిగిన వాణ్ణి. ఆ కవరు నాకు రెండడుగుల దూరంలో ఉంది. చెయ్యి చాపి, ఒకటి తీసి, నలిపి ఉంటే చాలు! ప్రయోగశాల అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ ఒంటరిగా ఉన్నప్పుడు కూడా సిగ్గేస్తుంది.

జనం వెళ్లిపోయాక, గెలిచిన ఊపులో చేనులో నుంచి అడ్డంగా నడుచుకుంటూ బండి దగ్గరికి వస్తున్నాను. గట్టు మీద ఒక నడివయసు మనిషి కూర్చుని ఉంది. కొంగులో జనం కాళ్లకు తగిలి పెకలివచ్చిన మొక్కలు.

"ఏమప్పా పేపరాయనా, మాట్లాడేది అయిపోయినాదా?"

"అయిపోయినాదమ్మా. గెలిచినాము."

"ఎవురి మింద?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"యాడ నిలబడి గెలిచినావో కిందికి చూసుకో."

చూసుకున్నాను. నా బూటు కింద ఒక మొక్క నేలకు అంటుకుని ఉంది. ఆమె లేచి వచ్చి దాన్ని మెల్లగా పైకి లేపింది. కాండం నుంచి నేలలోకి దిగుతున్న సన్నని తెల్లని ఊడలు తెగి వేలాడుతున్నాయి. వేరుశనగ పూత నేల పైన, కాయ నేల లోపల. ఆ రెంటినీ కలిపేది ఆ ఊడ. అది తెగితే ఆకు ఉంటుంది, కాయ ఉండదు.

"ఊడ దిగతాండాది. ఈ పది పదైదు దినాలు చేనును ఎవురూ తాకగూడదు. కలుపు తీసేదానికి గూడా నేను దిగల్యా. నువ్వేమో ఊరినంతా పిల్చకొచ్చి నిలబెట్టినావు. నీ పేపరు చదివి వస్తాండారంట గదా వీళ్లంతా. ఒక దినమన్నా వచ్చి చూసినావా, నా చేను ఎట్లుండాదో?"

ఆమే సుంకమ్మ. పట్టాదారు పేరు అందరికీ తెలుసు, చేను చేసేది ఈమె అని నాకు ఆ క్షణందాకా తెలియదు.

"ఈ గుండ్రాలు ఎట్ల వచ్చినాయమ్మా?"

"ఇప్పుడు అడగతాండావా!" అని ఆమె గుండ్రంలోకి వంగి, ఒక నల్లని గుండు ఏరి, నా ముందే అరచేతిలో నలిపింది. ఎండిన గడ్డి పొడిలా రాలింది. వాసన తగిలింది. పుట్టినప్పటి నుంచి నాకు తెలిసిన వాసన. గొర్రె పెంటిక.

"బీరప్ప మంద కట్టినాడు, విత్తనానికి ముందు. దినానికొక తావు మార్చుకుంటా చేనంతా కట్టల్లని మాట. మూడు దినాలకు మూడు తావులైనాయి. నాలుగో దినం వానొచ్చింది. నేల పదును పోతాదని మందను తోలేసి, విత్తేదానికి గొర్రు కట్టించినా. గొర్లు నిలిచిన తావు పచ్చగా ఉండాది, నిలవని తావు ఎండిపోతాండాది. దీనికేం చర్చప్పా?"

గొర్రెల మంద సంగతి తెలియని పట్నం పిల్లల కోసం రెండు మాటలు. మా వైపు కాపరి తన గొర్రెలను రాత్రిపూట ఒకరి చేనులో, చుట్టూ వల కట్టి నిలబెడతాడు. వాటి పెంటికలు, మూత్రం ఆ నేలకు ఎరువు. వల ఒకటే కాబట్టి ఎన్నిచోట్ల కట్టినా గుండ్రం కొలత ఒకటే. అంతే రహస్యం!

"ఇది ముందే ఎవరికైనా చెప్పింటే..." అన్నాను.

"మీ ఓబులేసుకు చెప్పినా. నా ఎదురుగానే రాసుకున్నాడు."

కాపీ అడుగున

ఆఫీసుకు వచ్చి కంప్యూటర్లో ఓబులేసు పంపిన అసలు కాపీ తెరిచాను. పైన పట్టాదారు ఆశ్చర్యం. తర్వాత సర్పంచు అభిప్రాయం. తర్వాత పరిశీలించి చెబుతామన్న వ్యవసాయాధికారి. తర్వాత స్థానికుల చర్చ. చిట్టచివర, ఆఖరి వాక్యం: "కాగా, విత్తనానికి ముందు ఆ మూడు చోట్ల గొర్రెల మంద కట్టించానని కౌలురైతు సుంకమ్మ తెలిపారు."

నేను కోసిన తోక అది. చదవకుండా కోసిన తోక.

ఓబులేసుకు ఫోన్ చేశాను. "అసలు సంగతి అడుగున పెట్టినావేంరా?"

"మరి యాడ పెట్టల్ల సారూ? పట్టాదారు ఉండాడు, సర్పంచు ఉండాడు, ఆఫీసరు ఉండాడు. వాళ్లను కిందికి నూకి సుంకమ్మ పేరు పైన పెడితే, రేపు ఆ ఊర్లో నాకు టీ గూడా పుట్టదు."

నేను ఫోన్ పెట్టేశాను. తర్వాత పాత కాపీలు తెరవడం మొదలుపెట్టాను, పిచ్చిపట్టినవాడిలా, ఒకటి తర్వాత ఒకటి. అన్నీ ఇలాగే ఉన్నాయి. ఊళ్లో ఎవరు ముందు కూర్చుంటారో కాపీలోనూ వాళ్లే ముందు. ఊళ్లో ఎవరు గుమ్మం బయట నిలబడతారో కాపీలో వాళ్లు చివరి వాక్యంలో. పని తెలిసినవాళ్లు, చేను చేసినవాళ్లు, కళ్లారా చూసినవాళ్లు అక్కడే ఉన్నారు. పెద్దసారు సూత్రం పట్టుకుని ఇన్నేళ్లూ నేను కోసింది వాళ్లనే. సభల్లో కులం పోవాలని గొంతు చించుకున్న వాణ్ణి, సాయంత్రం డెస్కుకు వచ్చి కూర్చుని ఊళ్లోని వరుసను అలాగే అచ్చు వేశాను.

గ్రహాంతరవాసిని నమ్మినవాడు ఆకాశం చూశాడు. నమ్మని నేను ఎప్పుడో చదివిన బూజును చూశాను. సుంకమ్మను ఇద్దరమూ చూడలేదు.

మర్నాడు మా ఎడిషన్ ఇన్‌చార్జి రాఘవరావు గారి దగ్గరికి వెళ్లాను. కోస్తా మనిషి, మర్యాదస్తుడు, గొంతు ఎప్పుడూ పెంచడు.

"సవరణ వేయాలి సార్. మొదటి పేజీలో."

"లోపలి పేజీలో రెండు లైన్లు వేసేద్దాం లెండి."

"తప్పు మొదటి పేజీలో చేశాను."

"మీరు ఇలా నెత్తిన వేసుకుంటే రేపటి నుంచి మనల్ని ఎవరు నమ్ముతారండీ?" అని ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకుంటూ అన్నాడు: "అయినా సవరణ చూసి జనం ఆగుతారా? తప్పయిందని మీరు రాస్తే, దాస్తున్నారని అంటారు. కళ్లకు కనబడేది ఏదైనా తీసుకురండి. మొదటి పేజీ ఇస్తాను."

ఆయన మీద నాకు చాలా ఫిర్యాదులున్నాయి. ఆ ఒక్క మాట మాత్రం బంగారం. జనం ఆగాలి. ఆదివారం సెలవు, ఇంకా ఎక్కువమంది వస్తారు. చేను మిగలాలంటే శనివారం దాటకూడదు.

మంద కట్టిన సాయంత్రం

ఓబులేసు బండి మీద వెనక కూర్చుని బీరప్ప కోసం వెతికాం. గుట్ట పక్క బీడులో దొరికాడు. కంబళి భుజాన వేసుకుని, గొర్రెల వెనక నిలబడి, మేం చెప్పిందంతా విన్నాడు.

"అంటే ఏమప్పా, నా గొర్లు ఆకాశం నుంచి దిగినాయని రాసినారా?"

"రాసినాము."

"నేనో? నేనూ దిగినానా?"

"నిన్ను అసలు రాయలేదు బీరన్నా. అదే తప్పు."

అతను పొట్ట పట్టుకుని నవ్వాడు. "సరే, వస్తా. సుంకమ్మ ఇంట్లో రాగి సంగటి బాగుంటాది. అది పెడితే వస్తా."

శనివారం పొద్దు వాలకముందే చేను పక్కన ఉన్న బీడులోకి మందను తోలాడు. గుండ్రాలు చూడ్డానికి వచ్చిన జనం ఎప్పట్లాగే ఉన్నారు. చలపతి ఫోన్ పట్టుకుని లైవ్ ఇస్తున్నాడు. నేను ఒక్క ముక్క ఉపన్యాసం ఇవ్వలేదు. నా జీవితంలో నోరు మూసుకుని నిలబడిన మొదటి చర్చ అదే!

బీరప్ప వల విప్పాడు. గూటాలు పాతుకుంటూ గుండ్రంగా తిరిగాడు. గొర్రెలు అరుచుకుంటూ లోపలికి దూరాయి. చలపతి కాసేపు చూసి, తనంతట తానే టేపు తీసి అడ్డంగా కొలిచాడు. తర్వాత, ఈసారి గట్టు వెంబడి జాగ్రత్తగా నడిచి, చేనులోని అంచు గుండ్రాన్ని కొలిచాడు. రెండూ సరిపోయాయి. మొహం పాలిపోయింది.

"ఇదంతా ముందే చెప్పింటే అయిపోయేది గదప్పా?" అని బీరప్ప మీద విరుచుకుపడ్డాడు.

"నన్నెవురడిగినారు? మీరంతా మెడలు పైకెత్తుకోని ఉండారు. నేనూ నా గొర్లూ కింద ఉండాము."

జనం ఈసారి నవ్వింది నన్ను చూసి కాదు, తమను చూసుకుని. వెనక నుంచి ఒకడు మాత్రం వదల్లేదు. "గొర్ల వేషంలో దిగినారేమో!" అన్నాడు. "అయితే ఈడే ఉండి పాలు పిండుకో" అంది సుంకమ్మ. ఆమె నవ్వగా నేను చూసింది అప్పుడే.

గొర్రెలు తమ పని తాము చేసుకుపోతుంటే వాసన లేచింది. ముక్కులు మూసుకున్నారు. ఫోన్లు జేబుల్లోకి పోయాయి. గ్రహాంతరవాసి కోసం మైళ్ల దూరం నుంచి వచ్చినవాళ్లు పెంటికల కోసం పది అడుగులు దగ్గరికి రాలేదు. పొద్దు గూకేసరికి గట్టు ఖాళీ. ఆదివారం ఒక్క ఆటో కూడా రాలేదు.

ఆ వార్తకు మొదటి వాక్యం సుంకమ్మది, రెండోది బీరప్పది. చివరి వాక్యం నాది: "ఈ సంగతి మాకు మొదటి రోజే తెలిసినా మా పొరపాటు వల్ల అచ్చు కాలేదు." సాయంత్రం మళ్లీ ఒక ప్రకటన వచ్చి పడింది. జాగా తగ్గింది. ఆ రోజు తోక ముట్టుకోలేదు. సర్పంచు వ్యాఖ్యను లేపేశాను.

చేను మిగిలిందా? కొంత. కాయలు పీకే రోజు నేను సెలవు పెట్టి వెళ్లాను. మూడు గుండ్రాల్లో ఆకు తప్ప కాయ లేదు. ఆమె మంద కట్టించి బలం ఇచ్చుకున్న నేల అదే, బాగా పండాల్సిన నేల అదే, జనం నిలబడి ఫోటోలు తీసుకున్న నేలా అదే. మిగిలిన చేను బెట్టకు తట్టుకుని ఏదో పండింది. సుంకమ్మ ఒక మొక్క పీకి, మట్టి దులిపి, నాలుగు కాయలు నా చేతిలో పెట్టింది.

"తిను. నీ మనుషులు తొక్కని తావువి."

తిన్నాను. పచ్చి కాయలు, పాలు కారుతున్నాయి.

"వచ్చే ఏడు మళ్లా మంద కట్టిస్తాండా. మళ్లా గుండ్రాలు పడితే ఏం చేస్తావు?"

"నీ పేరు ముందు రాస్తానమ్మా."

"నా పేరెందుకప్పా? ముందొచ్చి గట్టు మింద నిలబడి అడుగు. రాసేది తర్వాత చూద్దువు."

నా పనికాలంలో నాకు దక్కిన ఉత్తర్వుల్లో ఇంతకంటే మంచిది లేదు. దాన్ని నీ చేతిలో పెడుతున్నాను. ఇవాళ నీ ముందున్న కాపీ తెరువు. జాగా ఎంత అని చూడకముందు, అడుగు నుంచి పైకి చదువు. చివరి వాక్యంలో ఎవరి పేరుందో వాళ్లకు ఫోన్ చెయ్యి. ఫోన్ కలవకపోతే బస్సెక్కు. చేనులో కాలు పెట్టకు, గట్టు మీద నిలబడి అడుగు. వాళ్లు చెప్పింది మొదటి వాక్యంగా రాయి. హెడ్డింగు చివర ఉన్న ఆ ప్రశ్నార్థకం తీసెయ్యి, నువ్వు అడగాల్సిన మనిషి ఇంకా అక్కడే గట్టు మీద కూర్చుని ఉంది. లే, వెళ్లు.